మందు ఉంది, మెదడుకు చేరదు

జీవరసాయన శాస్త్రవేత్త ఎల్లాప్రగడ సుబ్బారావు జయంతి సందర్భంగా హైదరాబాద్‌లోని మాదాపూర్‌లో చేసిన స్మారకోపన్యాసం పాఠం



సుబ్బారావు గారి పేరిట ఉపన్యాసం అనగానే వక్తలు మూడు సంగతులు తప్పకుండా చెబుతారు. 1895 జనవరి 12న భీమవరంలో పుట్టడం, మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు కట్టినందుకు పడిన ఇబ్బంది, నోబెల్ బహుమతి రాకపోవడం. మూడూ చెప్పదగ్గవే కానీ మీలో చాలామందికి కంఠతా వచ్చు. వాటి జోలికి పోను. ఆయన ప్రయోగశాల నుంచి వచ్చిన ఒక్క మందును పట్టుకుని, అది వెళ్లలేక ఆగిపోయిన చోటు గురించి మాట్లాడతాను. శస్త్రచికిత్స లేకుండా, శబ్దతరంగాలతో ఆ చోట ఇప్పుడు జరుగుతున్న పని గురించి, అందులో ఈ ఊరికి ఉన్న వాటా గురించి చెబుతాను.

న్యూయార్క్ రాష్ట్రంలో పెర్ల్ రివర్ అనే ఊళ్లో లెడర్లీ ప్రయోగశాలలు ఉండేవి. అక్కడ సుబ్బారావు గారి బృందం 1945లో ఫోలిక్ యాసిడ్‌ను కృత్రిమంగా తయారుచేసింది. స్ప్రూ జబ్బుతో సోదరుణ్ణి పోగొట్టుకున్న మనిషి, ఆ జబ్బుకు పనికొచ్చే విటమిన్‌నే చివరికి చేతికి తెచ్చుకున్నాడు. ఆ అణువులో చిన్న మార్పు చేస్తే తిరగబడిన పదార్థం వస్తుంది. కణం దాన్ని ఫోలిక్ యాసిడ్ అనుకుని తీసుకుంటుంది, తీరా డీఎన్ఏ తయారీ ఆగిపోతుంది. అలా పుట్టిందే అమైనాప్టెరిన్. బోస్టన్ పిల్లల ఆసుపత్రిలో సిడ్నీ ఫార్బర్ దాన్ని బ్లడ్ క్యాన్సర్ పిల్లలకు ఇచ్చాడు. 16 మందిలో 10 మందికి జబ్బు తాత్కాలికంగా తగ్గింది. ఆ వ్యాసం 1948 జూన్‌లో అచ్చయింది. ఆగస్టులో, 53 ఏళ్లకే, సుబ్బారావు గారు కన్నుమూశారు. అమైనాప్టెరిన్‌కు తమ్ముడి వరసైన మెథోట్రెక్సేట్ ఇవాళ్టికీ వాడుకలో ఉంది.

ఆ తరవాతి కథ ఆయన చూడలేదు. 1950లు, 60లలో మందులు మెరుగుపడ్డాయి. ఎముకల మూలుగలో జబ్బు కణం ఒక్కటీ కనిపించని స్థితికి పిల్లలు వచ్చేవారు. తల్లిదండ్రులు ఊపిరి పీల్చుకునేవారు. కొన్ని నెలలకు పిల్లవాడికి తలనొప్పి, వాంతులు, మెల్లకన్ను. చూస్తే జబ్బు మెదడు పొరల్లో ఉంది. రక్తంలో తిరుగుతున్న మందు అక్కడికి సరిగా చేరలేదు కాబట్టి ఆ కణాలు అక్కడ క్షేమంగా పెరిగాయి. ముందుజాగ్రత్త లేని రోజుల్లో సగానికి పైగా పిల్లల్లో ఇలా తిరగబెట్టేది. మెంఫిస్‌లోని సెయింట్ జూడ్ ఆసుపత్రిలో డొనాల్డ్ పింకెల్ దీనికి దారి కనిపెట్టాడు. తలకు రేడియేషన్ ఇస్తూ, మెథోట్రెక్సేట్‌ను సూదితో వెన్నులోకి, వెన్నుపాము చుట్టూ ఉండే ద్రవంలోకి నేరుగా ఎక్కించాడు. 1960ల చివర్లో మొదలైన ఆ పద్ధతితో దాదాపు సగం మంది పిల్లలు బతికి బట్టకట్టారు. ఇవాళ రెడ్ హిల్స్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రికి వెళ్లండి. పసివాళ్లను పక్కకు వంచి పడుకోబెట్టి నడుము దగ్గర సూది వేయడం ఈ వైద్యంలో నిత్యకృత్యం. అందులో వెళ్లే మందు సుబ్బారావు గారి ఇంటిదే.

మందు ఉంది. అది రక్తంలోనూ ఉంది. కానీ మెదడుకు చేరదు. ఈ అడ్డు ఏమిటి?

జర్మన్ శాస్త్రవేత్త పాల్ ఎర్లిచ్ 1885లో జంతువుల రక్తంలోకి రంగులు ఎక్కించి చూశాడు. ఒళ్లంతా రంగు పట్టింది, మెదడుకు మాత్రం పట్టలేదు. మెదడు కణజాలానికి రంగు అంటదేమో అనుకున్నాడు. ఆయన శిష్యుడు ఎడ్విన్ గోల్డ్‌మన్ 1913లో అదే తరహా రంగును వెన్ను ద్రవంలోకి ఎక్కించాడు. ఈసారి మెదడుకు పట్టింది, ఒంటికి పట్టలేదు. అంటే రంగులోనూ మెదడులోనూ లోపం లేదు. రెంటికీ మధ్య ఏదో ఉంది. అదేమిటో కంటికి కనిపించడానికి ఇంకో యాభై ఏళ్లు పట్టింది. 1967లో రీస్, కర్నోవ్‌స్కీ అనే ఇద్దరు ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద చూపించారు. మెదడు కేశనాళికల గోడలో కణాలు ఒకదానికొకటి సందు లేకుండా అతుక్కుని ఉన్నాయి. ఒంట్లో మిగతాచోట్ల ఆ కణాల మధ్య సందులు ఉంటాయి. అక్కడి నుంచి మందు కారుతుంది. మెదడులో ఆ సౌకర్యం లేదు. దీన్నే బ్లడ్-బ్రెయిన్ బ్యారియర్ అంటాం.

గోడ అనగానే మనసులో మెదిలే ఇటుకల గోడ బొమ్మ ఇక్కడ సరిపోదు. కొండాపూర్‌లోనో నల్లగండ్లలోనో ఉన్న గేటెడ్ కమ్యూనిటీని ఊహించుకోండి. చుట్టూ గోడ ఉంటుంది కానీ అసలు పని సెక్యూరిటీ వాళ్లది. ఫోన్ యాప్‌లో ఎంట్రీ ఉన్నవాళ్లు లోపలికి వెళతారు. గ్లూకోజ్, ఆమైనో యాసిడ్లు అలాంటివి. పార్కిన్సన్స్ మందు లీవోడోపా ఆమైనో యాసిడ్ వేషంలో వస్తుంది, వాటికున్న ఎంట్రీ మీదే లోపలికి పోతుంది. ఎలాగో గోడ దూకిన వాడిని చెయ్యి పట్టుకుని మళ్లీ బయటికి తెచ్చి వదిలేసే గార్డులూ ఉన్నారు. పీ-గ్లైకోప్రోటీన్ అనే పంపు చేసే పని అదే. చాలా క్యాన్సర్ మందులకు ఈ మర్యాదే జరుగుతుంది. చిన్న అణువుల మందుల్లో కూడా నూటికి 98 దాకా ఈ బ్యారియర్ దాటవని అంచనా. యాంటీబాడీల వంటి పెద్ద అణువుల సంగతి చెప్పనే అక్కర్లేదు.

ఈ కట్టుదిట్టం లేకపోతే మనం బతకం. తిన్న ప్రతి ఆహారానికీ, వచ్చిన ప్రతి జ్వరానికీ రక్తంలో లవణాలు, హార్మోన్లు అటూ ఇటూ అవుతుంటాయి. ఆ ఆటుపోట్లన్నీ నాడీకణాలకు తగిలితే ఆలోచన నిలవదు, మూర్ఛలు వస్తాయి. కాబట్టి బ్యారియర్‌ను శాశ్వతంగా తీసేయాలని ఎవరూ కోరుకోరు. కావలసిన చోట, కావలసినంత సేపు, తిరిగి మూసుకునేలా తెరవాలి. వైద్యానికి ఎదురైన అసలు చిక్కు అదే.

పాత దారులు కొన్ని ఉన్నాయి. మెథోట్రెక్సేట్‌ను గ్రాముల లెక్కన భారీ మోతాదులో ఎక్కించి, ఆ విషప్రభావం మిగతా ఒంటిని దెబ్బతీయకుండా ల్యూకోవోరిన్‌తో విరుగుడు ఇవ్వడం ఒకటి. ఇది పనిచేస్తుంది, కానీ ఆ నాలుగైదు రోజులు వార్డులో అందరి ప్రాణాలూ అరచేతిలో ఉంటాయి. మెదడుకు వెళ్లే ధమనిలోకి మ్యానిటాల్ ఎక్కించి నాళాల గోడ కణాలను కుంచించుకుపోయేలా చేయడం ఇంకొకటి. అది మెదడులో ఒక పెద్ద భాగాన్నంతా తెరిచేస్తుంది, ధమనిలోకి గొట్టం పంపాలి, మత్తు ఇవ్వాలి. కొన్ని కేంద్రాలు దాటి అది విస్తరించలేదు.

ఇక శబ్దం. గర్భిణికి స్కాన్ తీసే అల్ట్రాసౌండ్ మీకు తెలుసు. దాన్నే వందల మూలాల నుంచి పంపి ఒకే బిందువు దగ్గర కలిసేలా చేస్తే ఫోకస్డ్ అల్ట్రాసౌండ్. దారిలో ఉన్న కణజాలానికి ఏమీ కాదు, కలిసిన చోట మాత్రం బలం కూడుతుంది. ఈ ఆలోచన కొత్తది కాదు. 1942లోనే కొలంబియా యూనివర్సిటీలో జంతువుల మెదడు మీద ప్రయత్నించారు. 1950లలో ఇల్లినాయ్‌కు చెందిన ఫ్రై సోదరులు పార్కిన్సన్స్ రోగుల మీద కూడా వాడారు. అప్పట్లో పుర్రె ఎముక తీసేస్తే తప్ప తరంగాలు తిన్నగా లోపలికి పోయేవి కావు. బ్యారియర్ తెరుచుకోవడం కూడా 1956లోనే బకాయ్ అనే వైద్యుడి బృందం గమనించింది. అయితే అప్పుడు తెరుచుకున్నది చెడిపోయిన కణజాలంలో. కాల్చిన చోట గోడ కూలిందంటే అందులో వింతేముంది?

మలుపు 2001లో వచ్చింది. కుల్లర్వో హైనినెన్, నేథన్ మెక్‌డానల్డ్, వారి సహచరులు కుందేళ్ల మీద చేసిన ప్రయోగం అది. తరంగాలు పంపే ముందు రక్తంలోకి సూక్ష్మ బుడగలు ఎక్కించారు. ఇవి గుండె స్కాన్‌లో బొమ్మ స్పష్టంగా రావడానికి అప్పటికే వాడుతున్నవి. ప్రోటీన్‌తోనో కొవ్వు పదార్థంతోనో చేసిన పలుచని పొర, లోపల వాయువు, కొలత కొన్ని మైక్రాన్లు. ఎర్ర రక్తకణం కంటే చిన్నవి కాబట్టి అది దూరే కేశనాళికలో ఇవీ దూరతాయి. తరంగం తగిలినప్పుడు బుడగ సాగుతుంది, ముడుచుకుంటుంది. మనుషుల మెదడుకు వాడే 220 కిలోహెర్ట్జ్ దగ్గర సెకనుకు 2 లక్షల 20 వేల సార్లు. ఆ కదలిక నాళం గోడను లోపలి నుంచి నెట్టి లాగుతుంది. కణాల మధ్య అతుకులు సడలుతాయి. కణం తనలోంచి సంచుల్లాగా పదార్థాన్ని అటు నుంచి ఇటు మోసే పని కూడా పెరుగుతుంది. బుడగలు ఉండడం వల్ల కణజాలాన్ని వేడెక్కించనంత తక్కువ శక్తితో పని జరిగింది, కొన్ని గంటల తరవాత బ్యారియర్ తిరిగి మూసుకుంది. నా దృష్టిలో ఈ మొత్తం కథలో తెలివంతా ఆ బుడగలో ఉంది. హెల్మెట్టూ ఎంఆర్ఐ గదీ చూసి ముచ్చటపడే వాళ్లు బుడగను మర్చిపోతారు.

హెల్మెట్ సంగతి ఇంజనీర్లకు నచ్చుతుంది, చెబుతాను. 30 సెంటీమీటర్ల వెడల్పున్న అర్ధగోళం. లోపలంతా శబ్దతరంగాలు పంపే 1,024 ట్రాన్స్‌డ్యూసర్లు. రోగికి గుండు చేసి, తల కదలకుండా ఫ్రేమ్ బిగించి, హెల్మెట్‌కూ తలకూ మధ్య గాలి తీసేసిన చల్లని నీరు నింపుతారు. మనిషి ఎంఆర్ఐ యంత్రంలో మెలకువగానే ఉంటాడు. ఇప్పుడు చిక్కు పుర్రెతో వస్తుంది. మెదడులో శబ్దం సెకనుకు సుమారు 1,540 మీటర్ల వేగంతో పోతుంది, ఎముకలో దానికి దాదాపు రెట్టింపు. ఎముక మందం ఒక్కో చోట ఒక్కో రకం. కాబట్టి 1,024 తరంగాలూ ఒకేసారి బయలుదేరినా ఒకేసారి చేరవు. ముందొచ్చినదాన్ని వెనకొచ్చినది రద్దు చేస్తుంది, బిందువు చెదిరిపోతుంది. దీనికి విరుగుడు లెక్క. రోగి తలకు సీటీ స్కాన్ తీసి, ప్రతి ట్రాన్స్‌డ్యూసర్ ముందున్న ఎముక మందాన్నీ సాంద్రతనూ కొలిచి, ఏది ఎంత ఆలస్యంగా కొట్టాలో కంప్యూటర్ తేలుస్తుంది. వణుకు జబ్బుకు మెదడులో ఒక బిందువును కాల్చడానికి ఇదే తరహా యంత్రం 650 కిలోహెర్ట్జ్ దగ్గర పనిచేస్తుంది. అమెరికా ఎఫ్‌డీఏ దానికి 2016లో అనుమతి ఇచ్చింది. అక్కడ తరంగం పొడవు రెండున్నర మిల్లీమీటర్లకు లోపు. బ్యారియర్ తెరవడానికి వాడే 220 కిలోహెర్ట్జ్ దగ్గర అది 7 మిల్లీమీటర్లు. పొడవైన తరంగాన్ని ఎముక తక్కువ చెదరగొడుతుంది, అందుకే మెదడులో ఎక్కువ భాగానికి గురిపెట్టవచ్చు. బదులుగా బిందువు కాస్త లావుగా వస్తుంది.

యంత్రం వింటుంది కూడా. బుడగ నిలకడగా ఊగుతున్నప్పుడు ఒక రకం ప్రతిధ్వని వస్తుంది. శక్తి మితిమీరి బుడగ చితికిపోతే అన్ని పౌనఃపున్యాల్లోనూ రొద మొదలవుతుంది. చితికిన బుడగ నాళాన్ని చీలుస్తుంది, రక్తం చిమ్ముతుంది. అందుకని హెల్మెట్‌లో ఉన్న గ్రాహకాలు ఆ ధ్వనిని క్షణక్షణం చదువుతూ శక్తిని పెంచడం, తగ్గించడం చేస్తాయి. ఈ వినే పని కుదరకముందు హెల్మెట్‌తో మనుషుల్లో బ్యారియర్ తెరవడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు.

శస్త్రచికిత్స లేకుండా మనిషి మీద మొదటిసారి 2015 నవంబరులో, టొరంటోలోని సన్నీబ్రూక్ ఆసుపత్రిలో, న్యూరోసర్జన్ టాడ్ మెయిన్‌ప్రైజ్ బృందం చేసింది. మెదడు కణితి ఉన్న రోగి. కీమో మందు ఎక్కించి, కణితి అంచున బ్యారియర్ తెరిచారు. ఎంఆర్ఐలో రంగుమందు ఆ చోట లోపలికి దిగడం కనిపించింది. 2019లో ఐదుగురి ఫలితాలు ప్రచురించారు. వాడినవి రెండే మందులు, లైపోసోమల్ డాక్సోరుబిసిన్, టెమోజోలమైడ్. ఈ రెండు పేర్లు గుర్తుపెట్టుకోండి, ఊరి దగ్గరికి వచ్చినప్పుడు పని పడుతుంది.

కణితి అంచు అని ఎందుకన్నాను? గ్లియోబ్లాస్టోమా అనే కణితి నడుమ నాళాలు ఎలాగూ కారుతుంటాయి, మందు దిగుతుంది. ఆ ముద్దను సర్జన్ తీసేస్తాడు కూడా. ప్రాణం తీసేది చుట్టూ ఉన్న మంచి మెదడులోకి పాకిన కణాలు. అక్కడ బ్యారియర్ చెక్కుచెదరకుండా ఉంటుంది. 2005 నాటి పెద్ద ట్రయల్‌లో రేడియేషన్‌కు టెమోజోలమైడ్ కలిపితే మధ్యగత (మీడియన్) ఆయుష్షు 12.1 నెలల నుంచి 14.6 నెలలకు పెరిగింది. రెండున్నర నెలలు. ఇరవై ఏళ్లు గడిచినా ఈ జబ్బుకు ప్రామాణిక చికిత్సలో పునాది అదే. ఆ అంచుకు మందు చేర్చగలిగితే ఏమవుతుందన్న ప్రశ్న అందుకే ఇంత బలంగా ఉంది.

లోపలికి నిజంగా ఎంత వెళుతుందో కొలిచినవాళ్లు షికాగోలోని నార్త్‌వెస్టర్న్ వాళ్లు. 2023లో అచ్చయిన ఆ పనిలో ఆపరేషన్ సమయంలో పుర్రెలో అల్ట్రాసౌండ్ పరికరాన్నే అమర్చారు. పారిస్‌లో అలెగ్జాండ్ర్ కార్పాంతియే మొదలుపెట్టిన పద్ధతి ఇది. శస్త్రచికిత్స లేని పద్ధతి కాదు. కానీ తల తెరిచి ఉంది కాబట్టి మెదడు ముక్క తీసి మందును కొలవగలిగారు. తరంగాలు తగిలిన చోట పాక్లిటాక్సెల్ దాదాపు 4 రెట్లు, కార్బోప్లాటిన్ దాదాపు 6 రెట్లు. తెరుచుకున్నది చాలావరకు గంటలోపే మూసుకుపోవడం కూడా అక్కడే తేలింది. పూర్తిగా మూసుకోవడానికి 24 గంటలు అని మనం చెప్పుకునేది ఎంఆర్ఐ రంగుమందు లెక్క. పెద్ద అణువులకు తలుపు అంతకంటే చాలా ముందే పడిపోతుంది. అందుకే డ్రిప్ ఎప్పుడు మొదలుపెట్టాలన్నది చిన్న విషయం కాదు. గంట ఆలస్యమైతే అంత ఖరీదైన యంత్రమూ వృథా.

రొమ్ము క్యాన్సర్ మెదడుకు పాకిన నలుగురు స్త్రీల మీద సన్నీబ్రూక్ వాళ్లు చేసిన పని 2021లో వచ్చింది. ట్రాస్టూజుమాబ్ పెద్ద యాంటీబాడీ. దానికి రేడియోధార్మిక గుర్తు తగిలించి, తెరిచిన తరవాత కణితుల్లో దాని జాడ సగటున రెట్టింపు అయిందని బొమ్మలో చూపించారు. నలుగురే. అయినా యాంటీబాడీ అటు దాటడాన్ని బతికి ఉన్న మనిషిలో కంటితో చూపించిన పని కాబట్టి నేను దీనికి ఎక్కువ మార్కులు వేస్తాను.

ఆల్జీమర్స్ గురించి అందరూ అడుగుతారు. వెస్ట్ వర్జీనియాలో అలీ రెజాయ్ బృందం ముగ్గురు రోగులకు నెలనెలా అడుకానుమాబ్ అనే యాంటీబాడీని ఎక్కించి, మెదడులో ఒక వైపు మాత్రమే బ్యారియర్ తెరిచింది. ఆరు నెలల్లో ఆ వైపు, ఈ జబ్బులో పేరుకునే అమిలాయిడ్ ముద్దలు రెండో వైపు కంటే సగటున 32 శాతం ఎక్కువ తగ్గాయి. 2024 జనవరి మొదటి వారంలో ఈ వ్యాసం న్యూ ఇంగ్లండ్ జర్నల్‌లో వచ్చింది. అదే నెలాఖరుకు ఆ మందును తయారుచేసే బయోజెన్ కంపెనీ దాన్ని నిలిపేస్తున్నట్టు ప్రకటించింది. స్కాన్‌లో ముద్దలు తగ్గడం వేరు, మనవరాలి పేరు గుర్తుకు రావడం వేరు. ముగ్గురు మనుషుల స్కాన్‌లు చూసి ఆల్జీమర్స్‌కు శబ్దవైద్యం వచ్చేసిందని టీవీల్లో చెప్పడం రోగుల ఇళ్లలో దొంగతనం లాంటిదే.

ఇక్కడ ఒక చేదు నిజం. ఇంతసేపూ చెప్పిన ఈ పద్ధతి, సుబ్బారావు గారి బ్లడ్ క్యాన్సర్ పిల్లలకు పనికిరాదు. వాళ్ల జబ్బు ఒక బిందువులో ఉండదు, మెదడు పొరలన్నిటా, వెన్ను ద్రవమంతా పరుచుకుని ఉంటుంది. మిల్లీమీటర్ల లెక్కన తెరిచే పరికరానికి అక్కడ పనిలేదు. సూదే మేలు. మన దేశంలో ఎక్కువగా చూసే, మెదడు పొరలకు వచ్చే క్షయ కూడా అంతే. రిఫాంపిసిన్ మెదడులోకి తక్కువగా దిగుతుందన్నది నిజమే, కానీ ఐసోనియాజిడ్, పిరాజినమైడ్ బాగానే దిగుతాయి. పైగా వాపు వచ్చిన పొరల్లో బ్యారియర్ అప్పటికే చిల్లులు పడి ఉంటుంది. ఫోకస్డ్ అల్ట్రాసౌండ్‌కు తగిన జబ్బులు కొన్నే. గ్లియోబ్లాస్టోమా వంటి గ్లియోమాల అంచులు, ఇతర క్యాన్సర్లు మెదడుకు పాకినప్పుడు వచ్చే కణితులు, పిల్లల్లో మెదడు కాండంలో వచ్చి కత్తికి అందని డీఐపీజీ అనే కణితి. ఈ చివరిదాని మీద నాకు ఆశ ఎక్కువ, ఎందుకంటే అక్కడ చాలాకాలంగా ఇవ్వడానికి రేడియేషన్ తప్ప పెద్దగా ఏమీ లేదు.

ఇక మన ఊరు. 1998 నవంబరులో ఇక్కడికి కూతవేటు దూరంలో సైబర్ టవర్స్‌ను ప్రధాని వాజపేయి ప్రారంభించారు. అదే ఏడాది గచ్చిబౌలిలో ట్రిపుల్ ఐటీ మొదలైంది. ఊరికి మరో వైపు, జీడిమెట్ల నుంచి శామీర్‌పేట దాకా, మందుల ఫ్యాక్టరీలు అప్పటికే ఉన్నాయి, ఇంకా వస్తున్నాయి. టొరంటోలో వాడిన రెండు మందులు గుర్తున్నాయా? టెమోజోలమైడ్‌ను నాట్కో టెమోనాట్ పేరుతో అమ్ముతుంది. లైపోసోమల్ డాక్సోరుబిసిన్‌ను డాక్టర్ రెడ్డీస్ 2017లో అమెరికాలోనే విడుదల చేసింది. ట్రాస్టూజుమాబ్‌కు బయోసిమిలర్‌ను హెటెరో తెచ్చింది. మెదడుకు చేరవలసిన మందుల పెట్టె దాదాపు మొత్తం ఈ ఊళ్లోనే ఉంది.

లెక్క తెలిసినవాళ్లూ ఇక్కడే ఉన్నారు. ట్రిపుల్ ఐటీలో జయంతి శివస్వామి బృందం తిరువనంతపురంలోని శ్రీచిత్ర సంస్థతో కలిసి వందమంది భారతీయుల ఎంఆర్ఐ స్కాన్‌లతో మెదడు అట్లాస్ తయారుచేసి 2019లో బయటపెట్టింది. పొడవు, వెడల్పు, పరిమాణాల్లో మన మెదళ్లు సగటున పాశ్చాత్యుల కంటే చిన్నవని అందులో తేలింది. దీన్ని తెలివితేటలకు ముడిపెట్టి వాట్సాప్‌లో జోకులు వేసుకున్నారు గానీ, దాని ఉపయోగం వేరు. మెదడులో మిల్లీమీటర్ల గురి పెట్టేటప్పుడు పరాయివాళ్ల సగటు మెదడును ప్రమాణంగా పెట్టుకుంటే గురి తప్పుతుంది. నానక్‌రామ్‌గూడలో మెడ్‌ట్రానిక్ కంపెనీకి అమెరికా బయట అతిపెద్ద పరిశోధన కేంద్రం ఉంది. 2023లో అక్కడ 3,000 కోట్ల రూపాయల పెట్టుబడి ప్రకటించారు. సిగ్నల్ ప్రాసెసింగ్ తెలిసిన పిల్లలు ఈ రెండు కిలోమీటర్ల లోపల ఎంతమంది ఉన్నారో మీకే బాగా తెలుసు.

ఇంత ఉన్నా మందు చేసేవాళ్లూ, బొమ్మ చదివేవాళ్లూ, రోగిని చూసేవాళ్లూ ఒకే బల్ల దగ్గర కూర్చోవడం అరుదు. మందుల కంపెనీ దృష్టి పేటెంట్ గడువు మీద, ఐటీ కంపెనీ దృష్టి క్లయింటు డెలివరీ తేదీ మీద, కార్పొరేట్ ఆసుపత్రి దృష్టి పడకల మీద. సుబ్బారావు గారు లెడర్లీలో చేసింది దీనికి సరిగ్గా ఎదురు. రసాయనవేత్తలను, వైద్యులను, సూక్ష్మజీవులు పెంచేవాళ్లను ఒకే కప్పు కింద పని చేయించారు. ఫోలిక్ యాసిడ్, ఫైలేరియాకు హెట్రజాన్, ఆరియోమైసిన్ అన్నీ ఒకే మనిషి పరిశోధన నడిపిన సంస్థ నుంచి కొద్ది సంవత్సరాల్లో రావడానికి కారణం అదేనని నేను నమ్ముతాను.

హెల్మెట్ కొనమని నేను అనడం లేదు. కోట్ల రూపాయల యంత్రం కొని రిబ్బన్ కత్తిరించడం మనకు వచ్చిన విద్యే. ఇక్కడ చేయదగ్గ పనులు అంతకంటే చవకైనవి, అంతకంటే కష్టమైనవి. మన పుర్రెల సీటీ స్కాన్‌ల మీద తరంగాల లెక్క ఎంత సరిగా వస్తుందో పరీక్షించాలి. బుడగలను ఇక్కడ చవకగా తయారుచేయవచ్చునా చూడాలి. పలుచని కొవ్వు పొరల మందులు చేయడం వచ్చిన ఊరు ఇది. కొలంబియాలో ఎలీసా కొనోఫాగూ బృందం ఎంఆర్ఐ గది అక్కర్లేకుండా, ఒకే ట్రాన్స్‌డ్యూసర్‌తో, ముందే తీసిన స్కాన్ ఆధారంగా గురి పెట్టే పద్ధతి మీద పనిచేస్తోంది. ఆల్జీమర్స్ రోగుల మీద దాన్ని వాడి చూశారు కూడా. ఎంఆర్ఐ కోసం రోజుల తరబడి వేచి ఉండే మన ప్రభుత్వ ఆసుపత్రులకు దారి ఏదైనా ఉంటే అటు నుంచే వస్తుంది. దానికి కావలసింది ఎక్కువగా సాఫ్ట్‌వేరు.

తొందర గురించి ఒక్క మాట, అదీ మన ఊరి చరిత్ర నుంచే. 1888లో, మళ్లీ 1889లో హైదరాబాద్ క్లోరోఫామ్ కమిషన్లు కూర్చున్నాయి. నడిపినది రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ. రెండో కమిషన్ కోసం ఆరో నిజాం డబ్బిచ్చి లండన్ నుంచి లాడర్ బ్రంటన్ అనే వైద్యుణ్ణి రప్పించారు. వందల జంతువుల మీద ప్రయోగాలు చేసి, క్లోరోఫామ్ గుండెను నేరుగా ఆపదు, ఊపిరిని గమనిస్తే చాలు అని గట్టిగా తీర్పు చెప్పారు. ప్రపంచమంతా హైదరాబాద్ పేరు మారుమోగింది. 1911లో లెవీ అనే వైద్యుడు క్లోరోఫామ్ మత్తులో గుండె లయ తప్పి ఆగిపోతుందని చూపించాడు. ఇక్కడ జరిగిన ప్రయోగాలు తక్కువా కావు, దొంగవీ కావు. కావలసిన జవాబు ముందే మనసులో పెట్టుకుని చూశారు, అంతే.

ఆ తప్పు మళ్లీ జరగకూడదంటే మనకు ఇంకా తెలియనివి కూడా చెప్పుకోవాలి. బ్యారియర్ తెరిచినప్పుడు మందుతో పాటు రక్తంలోని ఆల్బుమిన్ వంటివీ లోపలికి జారతాయి. మెదడులో కొద్దిపాటి వాపు లక్షణాలు కనిపించడం జంతువుల్లో నమోదైంది. మనుషుల్లో ఇప్పటిదాకా ఎక్కువగా చిన్న రక్తపు చుక్కలూ, తాత్కాలిక తలనొప్పులూ చూశారు. కానీ ఇప్పటిదాకా చేసినవి చిన్న చిన్న ట్రయల్స్. పదేపదే తెరిస్తే పదేళ్ల తరవాత ఏమవుతుందన్నది కాలం చెప్పాల్సిందే. మందు ఎక్కువ చేరుతుందని తేలింది. మనుషులు ఎక్కువ కాలం బతుకుతారని తేలడానికి పెద్ద ట్రయల్స్ కావాలి.

కాబట్టి ఈ హాలులో ఉన్నవాళ్లకు నా విన్నపం ఇది. ఇంట్లో ఎవరికైనా మెదడు కణితి అని తెలిసిన రోజు మనిషి ఏం చెప్పినా నమ్ముతాడు, ఇల్లు అమ్మడానికైనా సిద్ధపడతాడు. వణుకు జబ్బుకు అనుమతి ఉన్న హెల్మెట్‌ను చూపించి, మెదడు తెరిచి మందు పంపుతామని ఎవరైనా ప్యాకేజీ చెబితే ఒక నంబరు అడగండి. మన దేశంలో 2009 జూన్ నుంచి ప్రతి క్లినికల్ ట్రయల్‌నూ క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ - ఇండియాలో నమోదు చేయడం తప్పనిసరి. సీటీఆర్ఐ అనే అక్షరాలతో మొదలయ్యే ఆ నంబరును ఎవరైనా ఉచితంగా వెతికి చూసుకోవచ్చు. ట్రయల్‌లో గాయపడితే ఉచిత వైద్యం, పరిహారం రోగి హక్కని 2019 నిబంధనలు చెబుతున్నాయి. పరిశోధన ఖర్చు పాల్గొనేవారి మీద వేయకూడదని ఐసీఎంఆర్ మార్గదర్శకాలు చెబుతున్నాయి. నంబరు చెప్పలేని చోట డబ్బు కట్టకండి. నంబరు ఉన్న ట్రయల్ కనిపిస్తే, మీ డాక్టరు గారు తగినదే అంటే, వెనకాడకుండా పేరు నమోదు చేయించుకోండి.